పీహెచ్‌డీ అయ్యాక కూడా చదువేనా?

"అమ్మాయికి డాక్టరేట్ వచ్చేసిందటగా! మరి పప్పన్నం ఎప్పుడు పెడతారు?"

ఈ ప్రశ్న మీ ఇంట్లో వినపడకపోతే మీ పక్కింట్లోనైనా వినపడే ఉంటుంది. మా అక్కగారింట్లో అయితే రెండేళ్లుగా వినపడుతూనే ఉంది. శ్రావణమాసం పేరంటాల్లో కాళ్లకు పసుపు రాస్తూ కూడా అడుగుతారు!

అక్కావాళ్లది కొత్తపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరితోట, రెండు గేదెలు, ఒక్కతే కూతురు. అమలాపురంలో మా ఇంట్లో ఉండి డిగ్రీ చదువుకుంది కనుక ఆ పిల్ల సగం నా కూతురే. తర్వాత ఎమ్మెస్సీ, ఆ తర్వాత హైదరాబాదులో పీహెచ్‌డీ. ఐదేళ్లన్నది ఆరేళ్లు పట్టింది. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చాయి. థీసిస్ ఇచ్చేసి ఇంటికొచ్చి, అమ్మ చేతి పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కుని వచ్చి మరీ చెప్పింది... "అమ్మా, ఇప్పుడు పోస్ట్ డాక్ చెయ్యాలి. చిన్నపిల్లల మెదడులో వచ్చే క్యాన్సర్ మీద."

అక్క నోట మాట లేదు. మా బావగారు మాత్రం వెంటనే, "దానికెంత కట్టాలి?" అన్నారు. ఎకరం అమ్మాలా, అరెకరం చాలా అని ఆయన లెక్క.

ఇక్కడే మనలో చాలామందికి తెలియని సంగతి ఉంది. పోస్ట్ డాక్‌కి మనం కట్టేదేమీ ఉండదు. వాళ్లే మనకిస్తారు. అది కాలేజీలో సీటు కాదు, పరీక్షలుండవు, పట్టా ఉండదు. పీహెచ్‌డీ అయినవాళ్లు ఒక పెద్ద శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో చేరి రెండు మూడేళ్లపాటు సొంతంగా ఒక ప్రశ్న పట్టుకుని పరిశోధన చేస్తారు. ఆ కాలానికి నెలనెలా ఇచ్చే డబ్బే ఫెలోషిప్.

మన ఆత్రేయపురం పూతరేకులతో పోల్చి చెప్తే మీకు సులువుగా అర్థమవుతుంది. ఆడపిల్ల అమ్మ పక్కన కూర్చుని రేకు తియ్యడం నేర్చుకుంటుంది. పిండి రుబ్బింది అమ్మే, బోర్లించిన కుండ కింద మంట చూసేదీ అమ్మే. పిల్ల గుడ్డ ముంచి వెయ్యడం, రేకు ఊడదియ్యడం నేర్చుకుందంటే పీహెచ్‌డీ అయినట్టు. ఆ తర్వాత మరొకరి ఇంటికి వెళ్లి, వాళ్ల కుండ, వాళ్ల పొయ్యి వాడుకుంటూనే, పిండి ఎంత పల్చనుండాలో, మంట ఎంతుండాలో తనే తేల్చుకోవాలి చూడండి... అదీ పోస్ట్ డాక్! అక్కడ నిలబడ్డవాళ్లకే తర్వాత సొంత కుండ, అంటే సొంత ప్రయోగశాల వస్తుంది.

ఇంతకీ ఈ పిల్లకు పసిపిల్లల మెదడు జబ్బు మీదికే మనసెందుకు పోయింది? అది మా వీధిలోనే మొదలైంది. అది మా ఇంట్లో ఉండి డిగ్రీ చదివే రోజుల్లో పక్కవాళ్ల ఆరేళ్ల బాబుకు పొద్దున్నే వాంతులు పట్టుకున్నాయి. నిద్రలేవగానే తలనొప్పి, భళ్లున ఒక వాంతి, ఆ తర్వాత మామూలుగా ఆడుకునేవాడు. దిష్టి తీశారు. వేడి చేసిందని సబ్జా నీళ్లు పట్టారు. ఒక వైద్యుడు నులిపురుగులని మందు రాశాడు. రెండు నెలలకు బాబు నడకలో తూలడం మొదలైంది. గ్లాసు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకునేవాడు. అప్పుడు కాకినాడ తీసుకెళ్లి స్కానింగ్ తీయిస్తే చిన్నమెదడు దగ్గర గడ్డ ఉందన్నారు. దాని పేరు మెడుల్లోబ్లాస్టోమా. పిల్లల మెదడులో వచ్చే క్యాన్సర్ గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

అమ్మల్లారా, ఇంకేం మరిచిపోయినా ఈ నాలుగు లక్షణాలు గుర్తుంచుకోండి. వారాల తరబడి వదలని పొద్దుటి తలనొప్పి, వాంతులు. నడకలో తూలుడు. ఉన్నట్టుండి వచ్చిన మెల్లకన్ను లేక ఒకటి రెండుగా కనిపించడం. తల ఒక పక్కకు వంచి ఉంచడం. ఇవన్నీ క్యాన్సరే అని కాదు. చాలాసార్లు కాదు కూడా. కానీ పిల్లల డాక్టరుగారికి ‘పొద్దున్నే వస్తున్నాయండీ, ఇన్ని వారాలైందండీ’ అని విడమరిచి చెప్పాలి. నెలల పిల్లల్లో అయితే తల మామూలుకన్నా త్వరగా పెరిగిపోతుంటే చూపించాలి.

ఆ బాబుకు విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. తర్వాత తలకూ వెన్నుకూ రేడియేషన్, ఆపైన కీమోథెరపీ. బతికాడండీ! జబ్బు పాకకుండా ఉండి, పూర్తి వైద్యం అందితే ఈ రకంలో నూటికి ఎనభై మంది దాకా ఐదేళ్లు దాటుతున్నారని పెద్ద దేశాల లెక్కలు చెబుతున్నాయి. కానీ ఇప్పుడు వాడి ఈడువాళ్లు సైకిళ్లేసుకుని తిరుగుతుంటే వీడు వాళ్ల భుజం దాకా కూడా లేడు. థైరాయిడ్ మాత్ర రోజూ వెయ్యాలి. ఒక చెవి సరిగ్గా వినపడదు. లెక్కలు నిదానం. గడ్డను మాడ్చిన రేడియేషనే ఎదిగే మెదడునూ తాకింది మరి. అందుకే మూడేళ్లలోపు పిల్లలకు రేడియేషన్ ఇవ్వడానికి డాక్టర్లు జంకుతారు. బతికించడం ఒక ఎత్తయితే, బతికినవాడు హాయిగా ఉండేలా బతికించడం మరో ఎత్తు. మా అమ్మాయి పట్టుకున్నది ఈ రెండో సంగతిని.

దాని మాటల్లోనే చెప్తాను. "పిన్నీ, కంద, చేమ, పెండలం... మట్టిలో ఉన్నప్పుడు అన్నీ దుంపలే కదా. కానీ అన్నిటినీ ఒకే సెగ మీద, ఒకేసేపు ఉడికిస్తామా? ఈ జబ్బూ అంతే." మెడుల్లోబ్లాస్టోమా నిజానికి ఒక జబ్బు కాదనీ, కణాల లోపలి జన్యువుల తీరును బట్టి నాలుగు రకాలనీ 2012లో ప్రపంచంలోని పరిశోధకులు ఒక మాటకు వచ్చారట. అందులో ఒక రకం పిల్లలు నూటికి తొంభై మందికి పైగా బతుకుతారు. అలాంటివాళ్లకు రేడియేషన్ తగ్గించి ఇస్తే సరిపోతుందేమో అని పరీక్షలు జరుగుతున్నాయి. ముందు ఏ బిడ్డది ఏ రకమో తక్కువ ఖర్చుతో తేల్చాలి. మన దేశంలో నవీ ముంబయిలోని ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్ వారి ఆక్ట్రెక్ సంస్థలో దీని మీద ఏళ్లుగా పని జరిగింది.

అన్ని గడ్డలకూ ఇంత ఆశ లేదు. మెదడు కాండంలో వచ్చే డీఐపీజీ అనే రకముంది. కత్తి పెట్టడానికి వీల్లేని చోటు. చంద్రుడి మీద మొదట కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ గారి చిన్నారి కూతురు కరెన్ 1962లో పోయింది దానితోనే. రెండేళ్ల పిల్ల! ఆయన చంద్రుడి మీదికి వెళ్లొచ్చాడు గానీ, ఈ జబ్బుకు మాత్రం దశాబ్దాలపాటు మందన్నది దొరకలేదు. ఈ జాతి గడ్డల్లో జన్యువు తప్పు ఎక్కడుందో తెలిసింది కూడా 2012లోనే. ఆ తప్పు ఉండి, వైద్యం చేసినా ముదిరిన గడ్డలకు 2025 ఆగస్టులో అమెరికా ఒక మందుకు అనుమతి ఇచ్చింది. అది నయం చేసే మందు కాదు, కొందరికి కొంతకాలం నెమ్మదినిచ్చేది. అయినా మొదటి మెట్టు మొదటి మెట్టే కదా!

ఇలాంటి పని ఎవరు చేస్తారనుకున్నారు? పెద్ద ప్రొఫెసర్ల పేర్లు పేపర్లో పడతాయి. రాత్రి పదకొండింటికి సూక్ష్మదర్శిని ముందు కూర్చునేది చాలావరకు ఈ ముప్ఫై, ముప్ఫయ్యైదేళ్ల పిల్లలే. వాళ్ల డబ్బు ఆగిపోతే పని ఆగిపోతుంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. మన కోనసీమకు వశిష్ఠ దాటితే భీమవరం, గౌతమి దాటితే అనపర్తి. ఆ భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి అనపర్తి పిల్లనిచ్చింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు డాక్టరు చదువుకూ సాయపడ్డారు, అమెరికా ప్రయాణానికీ డబ్బు సమకూర్చారు. రంగూన్‌లో గడించిన ఆస్తిని ధర్మానికి రాసిపోయిన మల్లాడి సత్యలింగ నాయకర్ గారి కాకినాడ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. ఆ భరోసాతో 1923లో ఆయన బోస్టన్‌లో దిగారు. డబ్బు చాలక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ అయింది. పేరు వచ్చినా అక్కడ స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలకు మారిపోయారు.

అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లోని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి చూస్తే, 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది. అంతకుముందు ఆ జబ్బు వస్తే వారాలు లెక్కపెట్టుకోవడమే! ఆ మందుకు చెల్లెలి లాంటిదే మెథోట్రెక్సేట్. రేడియేషన్ ఇవ్వలేని చిన్నపిల్లల మెదడు గడ్డలకు కొన్ని వైద్య పద్ధతుల్లో ఈనాటికీ ఆ మందు వాడుతున్నారు. ఒకప్పుడు ఏటా ఇంటింటికీ తెచ్చి మన చేత ఫైలేరియా మాత్రలు మింగించేవారు గుర్తుందా? అదీ సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచి వచ్చిందే.

ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు మాత్రం ఆయన భార్య శేషగిరి గారు గుర్తొస్తారు. 1948 ఆగస్టులో ఆయన అమెరికాలోనే పోయారు. వెళ్లిన మనిషిని ఆమె మళ్లీ చూడనేలేదు. ఆమె కట్టిన వాయిదా ఏ లెక్కలోనూ కనపడదు.

ఫార్బర్ గారికి డబ్బెక్కడిదంటారా? అదే ఏడాది మే 22న అమెరికా రేడియోలో ఒక జబ్బు పిల్లవాడి చేత మాట్లాడించారు. వాడి అసలు పేరు చెప్పకుండా ‘జిమ్మీ’ అన్నారు. వాడికి టీవీ కొనిపెడదాం, పిల్లల క్యాన్సర్ పరిశోధనకు చందాలివ్వండి అన్నారు. ఆ ఏడాది 2,31,000 డాలర్లకు పైగా వచ్చాయి. ఆ నిధి ఈనాటికీ నడుస్తోంది. తర్వాత్తర్వాత 2000లో అలెక్స్ అనే నాలుగేళ్ల క్యాన్సర్ పిల్ల ఇంటిముందు నిమ్మరసం అమ్మి రెండు వేల డాలర్లు పోగుచేసింది. 2004లో ఎనిమిదేళ్లకే పోయింది. దాని పేరున వెలిసిన సంస్థ యువ పరిశోధకులకు గ్రాంట్లిస్తోంది. సెయింట్ బాల్డ్రిక్స్ అనే మరో సంస్థ వాళ్లయితే గుండు కొట్టించుకుని చందాలు పోగుచేస్తారు! గుండంటే మనకు తిరుపతి మొక్కే తెలుసు. వాళ్ల మొక్కు పిల్లల క్యాన్సర్ పరిశోధన. ఆ డబ్బులోంచి మనలాంటి దేశాల పరిశోధకులకూ కొంత ఇస్తారు.

మరి మన దేశంలో? కేంద్రప్రభుత్వపు నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. ఇదివరకు సెర్బ్ అనే సంస్థ ఇచ్చేది. 2024 నుంచి దాని స్థానంలో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. రెండేళ్లిస్తారు. వయసు 35 దాటకూడదు, ఆడవాళ్లకు ఐదేళ్లు సడలింపు. బయోటెక్నాలజీ శాఖ వాళ్ల రీసెర్చ్ అసోసియేట్ పథకం వేరే ఉంది. ఒక శాస్త్రజ్ఞుడికి వచ్చిన ప్రాజెక్టు డబ్బులోంచి అసోసియేట్‌గా చేరే దారీ ఉంది. 2023 జనవరి నుంచి ఈ అసోసియేట్లకు నెలకు 58,000 నుంచి 67,000 రూపాయలు, ఇంటి అద్దె వేరు. వైద్య పరిశోధనకు పెద్ద ఎత్తున ఇచ్చేది, మన ప్రభుత్వమూ లండన్ వెల్‌కమ్ ట్రస్టూ కలిసి 2008-09లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్. ఐరోపా వెళ్లాలంటే మేరీ క్యూరీ గారి పేరున ఉన్న ఫెలోషిప్‌కి ఏ దేశంవాళ్లయినా పెట్టుకోవచ్చు, పీహెచ్‌డీ అయ్యి ఎనిమిదేళ్లు దాటకూడదు.

ఇంకొకటి, ఇది మీలో కొందరి కోసమే. పెళ్లి, పురుడు, పిల్లలతో చదువు మధ్యలో ఆగిన సైన్సు ఆడవాళ్లు మళ్లీ పరిశోధనలోకి రావడానికి కేంద్ర సైన్స్ శాఖకు వైజ్-కిరణ్ అనే పథకం ఉంది. ఎమ్మెస్సీ సర్టిఫికెట్ బీరువా అడుగున చీరల కింద పెట్టుకున్న వాళ్లు నాకే ఇద్దరు తెలుసు.

అన్నిటికీ పద్ధతి దాదాపు ఒకటే. ముందు ఒక శాస్త్రజ్ఞుడికి ఉత్తరం రాసి ఒప్పించాలి. తర్వాత ఏం చేస్తాం, ఎలా చేస్తాం, ఎంత ఖర్చు అని ప్రతిపాదన రాయాలి. ప్రకటన పడ్డాక గడువు కొద్ది వారాలే. ఆపైన నెలల తరబడి ఎదురుచూపు. వందల మంది పెడతారు, కొందరికే వస్తుంది.

సరిగ్గా ఆ ఎదురుచూపుల్లోనే సంబంధం వచ్చింది. రాజోలు వైపు వాళ్లు, అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. మంచి కుటుంబం, కట్నం మాట కూడా ఎత్తలేదు. కాఫీలయ్యాక అబ్బాయి తల్లిగారు అడిగారు, "ఇంతకీ అమ్మాయి చేసేది ఉద్యోగమా అండీ, చదువా?"

మా అక్క, బావగారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనే అందుకుని, "ఉద్యోగమేనండీ. కాకపోతే రెండేళ్లకోసారి వెతుక్కోవాలి. ముంబయిలో రావచ్చు, బయటి దేశంలో రావచ్చు. ఒక్కోసారి నాలుగైదు నెలలు జీతం లేకుండా కూడా ఉండాల్సొస్తుంది" అన్నాను. ఉన్నమాట పెళ్లిచూపుల్లో చెప్పకపోతే ఎప్పుడు చెప్తాం? ఆవిడ చాలా మర్యాదగా, "పెళ్లయ్యాక మానేస్తుంది కదండీ" అన్నారు. అమ్మాయి "మానను అత్తయ్యగారూ" అంది. అలా పిలిచి మరీ చెప్పడంతో ఆవిడకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు! వెళ్లి కబురు చేస్తామన్నారు. చెయ్యలేదు.

అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అదే వారంలో ఫెలోషిప్ ఫలితాలొచ్చాయి. అమ్మాయి పేరు లేదు. ఇల్లంతా చావు కబురు విన్నట్టయింది. "ఇంకేముంది, డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరిపొమ్మను" అన్నారు బావగారు. నేనూ ఏమనలేకపోయాను. ముంబయి దగ్గర ఒక ప్రయోగశాలలో ప్రాజెక్టు అసోసియేట్ పని దొరికేలా ఉంది కానీ, కాయితాలు పూర్తయ్యేదాకా అక్కడికెళ్లి సొంత ఖర్చుతో ఉండాలి. హాస్టల్ అడ్వాన్సు, తిండి, రైలు... కొబ్బరి ధర చూస్తే మీకు తెలిసిందే, ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదు.

మూడో రోజు పొద్దున్న అక్క ఫోన్. "లక్ష రూపాయల చీటీ ఉంది కదే, నిన్న పాడేశాను. ఎనభై రెండు వేలు చేతికొచ్చాయి. దానికి చెప్పు, బయల్దేరమని." పెళ్లికని వేసుకుంటున్న చీటీ అది. నేనేదో అనబోతే, "వీధిలో ఆ బాబును నువ్వు రోజూ చూస్తావు. నేను అమలాపురం వచ్చినప్పుడే చూస్తాను. నాకూ కళ్లున్నాయి" అని పెట్టేసింది.

అమ్మాయి వెళ్లి ఏడు నెలలైంది. మొదటి జీతం మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఆ మూడు నెలలూ అక్క చీటీ డబ్బే కాచింది. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ఈ దారిన వెళ్తుంటే ఆర్నెల్ల ఖర్చు పక్కన పెట్టుకుని మరీ పంపండి. జీతం చూసుకుని బయల్దేరదామంటే కుదరదు. మళ్లీ ఈసారి ఫెలోషిప్‌కి పెట్టింది. పోయినసారి పరిశీలకులు రాసిన లోపాలు సరిదిద్దుకుని కొత్తగా రాసింది. ఫలితం ఇంకా తేలలేదు. సంబంధాలు వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు అడిగినవాళ్లకు అక్కే చెప్తోంది, "ఉద్యోగమేనండీ" అని.

సంక్రాంతికి రమ్మంటే రాలేనంది. గాజు పళ్లేల్లో గడ్డ కణాలు పెంచుతోందట. రెండు మూడు రోజులకోసారి పాత ద్రవం తీసేసి కొత్తది పోయాలి, లేకపోతే చచ్చిపోతాయి.

"వాటికి పండగ సెలవుండదా?" అంది అక్క.

"నీ గేదెలకుంటుందా అమ్మా?" అంది అది.

అక్క గొణుక్కుంటూనే అరిసెలు, జంతికలు, ఆవకాయ డబ్బాలకెత్తి పార్సిల్ కట్టింది. ఆవకాయ మీద నూనె తేరేలా పొయ్యమని నాకు రెండుసార్లు చెప్పింది.